నీటి వాటం, రాతి పట్టు: తెలుగింటి స్నానపు నేల చరిత్ర

తెలుగు ప్రాంతాల్లో సామాన్య కుటుంబాల ఇళ్లకు నాలుగు గోడలు, పైకప్పు, గడియ ఉన్న తలుపుతో కూడిన స్నానాల గది ఇరవయ్యో శతాబ్దంలో, అందులోనూ చాలా ఊళ్లకు దాని రెండో సగంలో వచ్చింది. అంతకుముందు స్నానం చేసే చోటు ఉండేది గానీ స్నానాల గది ఉండేది కాదు. ఆ చోటు పెరట్లో బావి పక్కనో, వంటింటి వెనక మూలనో, తాటాకు దడి చాటునో ఉండేది. దడి ఏడాదికోసారి మారేది, కప్పు ఉంటే ఉండేది, లేకుంటే లేదు. మారకుండా నిలిచింది కింద పరిచిన బండ ఒక్కటే. ఈనాడు ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు ఉన్న పాత గదిని బాగుచేయించుకునే గృహస్థు దుకాణంలో పలకల వరసల ముందు నిలబడి ముందుగా రంగును, మెరుపును చూస్తాడు. ఆ నేల చరిత్ర మాత్రం నీరు ఎటు పోవాలి, తడి కాలు ఎక్కడ నిలవాలి అన్న రెండు చిక్కులతో మొదలైంది. ప్రతి కాలమూ వాటిలో ఒకదాన్ని చక్కగా తీర్చి, రెండోదాన్ని ఎంతో కొంత మరచిపోయింది.

ఈ చిక్కులు ఎంత పాతవో బౌద్ధ భిక్షువుల నియమావళి అయిన వినయపిటకంలో కనిపిస్తుంది. అందులో చుల్లవగ్గమనే భాగం జంతాఘరం గురించి, అంటే నిప్పు వేడిమితో చెమట పట్టించి స్నానం చేసే గది గురించి, ఆశ్చర్యం కలిగించేంత వివరంగా మాట్లాడుతుంది. గది నేల బురదగా మారుతున్నదని భిక్షువులు చెప్పుకున్నప్పుడు ఇటుక, రాయి, కొయ్య అనే మూడు రకాల నేలకు అనుమతి లభించిందనీ, అప్పటికీ నీరు నిలవడంతో బయటికి పోవడానికి కాలువ ఏర్పాటుకు కూడా అనుమతి వచ్చిందనీ ఆ గ్రంథం చెబుతుంది. నేల గట్టిపడినంత మాత్రాన పని పూర్తి కాలేదనీ, నీటికి దారి చూపాకే పూర్తయిందనీ ఈ క్రమం తెలుపుతున్నది. అంతకు రెండు వేల ఏళ్లకు పైగా ముందే సింధు నాగరికతకు చెందిన మొహెంజొదారో ఇళ్లలో స్నానపు అరుగులను సన్నని సందులు మాత్రమే మిగిలేలా దగ్గరగా కూర్చిన ఇటుకలతో కట్టి, ఒక మూలకు వాలుగా దించి, ఆ మూల నుంచి వీధి కాలువకు కలిపారు. ఇప్పటి తాపీ మేస్త్రీలు ఈ వాలును వాటం అంటారు. గచ్చు ఎంత నునుపుగా వచ్చినా వాటం తప్పితే పని చెడినట్లేనన్న తీర్పు ఆ వృత్తిలో ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

తెలుగు నేలపై రాతితో కట్టిన స్నానస్థలాలకు తొలి గొప్ప సాక్ష్యం నాగార్జునకొండ. క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని అయిన విజయపురి అక్కడే ఉండేది. 1927 నుంచి 1931 వరకు పురావస్తు శాస్త్రవేత్త లాంగ్‌హర్స్ట్, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలోని బృందం అక్కడ తవ్వకాలు జరిపారు. కృష్ణ ఒడ్డున చెక్కిన సున్నపురాతి దిమ్మెలతో మెట్లు మెట్లుగా కట్టిన స్నానఘట్టం ఆ తవ్వకాల్లో బయటపడింది. నాగార్జునసాగర్ జలాశయం లోయను ముంచకముందే ఆ రాళ్లను విప్పి కొండపైకి తరలించి తిరిగి పేర్చారు కాబట్టి ఈనాటి సందర్శకులకు అది కనిపిస్తున్నది. ఇక్కడ గమనించవలసింది ఆ రాయి జాతి. లేత ఆకుపచ్చ ఛాయ గల ఆ పల్నాటి సున్నపురాయి భూగర్భ శాస్త్రజ్ఞులు కడప బేసిన్ అని పిలిచే పరిధిలోకి వస్తుంది. కోట్ల సంవత్సరాల కిందటి సముద్రం అడుగున ఒండ్రు పొరలు పొరలుగా పేరుకుని రాయిగా మారిన పల్లపు ప్రాంతాన్ని వారు బేసిన్ అంటారు. కడప బేసిన్ నెలవంక ఆకారంలో దాదాపు 44,500 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. అమరావతి శిల్పాలు, విజయపురి స్నానపు మెట్లు, ఇరవయ్యో శతాబ్దంలో లక్షల పెరళ్లలో పరిచిన నాపబండల్లో చాలావి ఒకే విస్తారమైన రాతి కుటుంబానికి చెందినవన్న సంగతి కళాచరిత్ర పుస్తకాల్లో తగినంతగా కనిపించదు.

నాపరాయి అంటే పలచని పొరలుగా సహజంగానే చీలే సున్నపురాయి. విలియం కింగ్ 1872లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ప్రచురణగా వెలువరించిన కడప, కర్నూలు రాతి పొరల అధ్యయనంతో ఈ రాళ్లకు శాస్త్రీయమైన వర్ణన ఏర్పడింది. వాటిలో ఒక ముఖ్యమైన పొరకు నార్జి అనే ఊరి పేరు నిలిచిపోయింది. శాస్త్రం పేరు పెట్టడానికి ఎంతో ముందే ఆ పొరల స్వభావం రాతిపని చేసే వడ్డెరలకు చేతికి తెలుసు. పై మట్టి తొలగించాక రాయి చాపలు పరిచినట్లు పొరలుగా బయటపడుతుంది. రెండు పొరల మధ్య సన్నని గీతలో ఉలి ఆనించి సమ్మెటతో కొద్దికొద్దిగా కొడుతూ పోతే, గడ్డపార మోపి ఎత్తగలిగేంత పలకగా బండ విడివడుతుంది. రంపం అక్కర లేకుండానే సమతలం దొరకడం ఈ రాయికి ఉన్న గొప్ప సౌలభ్యం. గ్రానైటు వంటి గట్టి రాతిని పలచని, సమమైన పలకగా మార్చాలంటే యంత్రం కావాలి, అందుకే అది ఇళ్ల నేలలకు చాలా ఆలస్యంగా వచ్చింది. నాపబండ మాత్రం ఉలికీ సమ్మెటకూ లొంగి, దేవాలయ ప్రాకారం నుంచి పేదవాని పెరటి దాకా అన్ని అంతస్తుల వారికీ అందింది.

ఈ బండల ఊళ్లు ఒకటి కావు. కడప జిల్లాలో ఎర్రగుంట్ల పరిసరాల నుంచి వచ్చే నల్లని రాయి దేశమంతటా కడప బండగానే పేరు పొందింది. నంద్యాల జిల్లాలో బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల, అనంతపురం జిల్లాలో తాడిపత్రి, పల్నాడులో మాచర్ల బండల గనులకో, కోత, పాలిష్ పనులకో కేంద్రాలయ్యాయి. తెలంగాణలో తాండూరు, దానికి పడమట ఇప్పటి కర్ణాటకలో ఉన్న షాబాదు వేరొక బేసిన్‌కు చెందినవి. శాస్త్రజ్ఞులు దాన్ని భీమా నది పేరుతో పిలుస్తారు. తాండూరు బండ నీలి బూడిద, పసుపు రంగుల్లో దొరుకుతుంది. రైలు లేనంతకాలం ఈ రాళ్లు ఎడ్ల బండి వెళ్లగలిగినంత దూరమే వెళ్లాయి. మద్రాసు నుంచి కడప, ఎర్రగుంట్ల, తాడిపత్రి మీదుగా సాగిన మార్గం 1871లో రాయచూరు వద్ద బొంబాయి మార్గాన్ని కలవడం, 1874లో వాడి, సికింద్రాబాదుల మధ్య నిజాం రైలు నడవడం బండల వ్యాపారానికి కొత్త దారులు తెరిచాయి. తాండూరు ఆ రెండో మార్గం మీదనే ఉంది. రాయి అన్నదే దొరకని కృష్ణా, గోదావరి డెల్టా ఊళ్లలో బావి చపటాకు, స్నానపు మూలకు నాపబండ రావడం ఈ రవాణా విస్తరణ ఫలితమే. అంతవరకు ఆ ఊళ్లలో ఇటుక పరిచి డంగు సున్నంతో, అంటే సున్నాన్నీ ఇసుకనూ గానుగలో నూరి తయారుచేసిన గారతో, గచ్చు వేసుకోగలిగినవారు వేసుకున్నారు. మిగిలినవారు కాళ్ల కింద ఒక రాయి వేసుకుని చుట్టూ తడి మట్టిలోనే గడిపారు.

పెరటి స్నానపు బండను కొంచెం దగ్గరగా చూడటం అవసరం, ఎందుకంటే తరవాత వచ్చిన ప్రతి పదార్థాన్నీ దానితో పోల్చి తూచవలసి ఉంటుంది. రాయలసీమలో జాలాడి అని పిలిచే ఆ చోట సాధారణంగా మూడు నాలుగడుగుల బండ ఒకటి గానీ రెండు గానీ ఉండేవి. వాటి అంచులు ఉలి దెబ్బలతో వంకర టింకరగా ఉండేవి. పైతలం మాత్రం రాయి పొర విడినప్పటి సహజమైన తలమే, కంటికి చదునుగా కనిపించినా అరికాలికి సన్నని గరుకు తగిలేది. నూనె తలంటు నాడు సున్నిపిండి, కుంకుడు నురగ కలిసి పారినా ఆ గరుకు మీద కాలు నిలిచేది. మడమలు రుద్దుకోవడానికీ, బట్టలు ఉతకడానికీ అదే బండ. పక్కన పొయ్యి మీద కాగు, చల్లనీళ్లకు గాబు లేదా తొట్టి. నీరు బండ అంచు నుంచి జలదారిలోకి, అక్కడి నుంచి అరటి పాదుకో చేమ మడికో వెళ్లేది కాబట్టి స్నానం చేసిన నీటికి ఇంకో పని మిగిలి ఉండేది. ఇందులో లోపాలూ తక్కువ కాదు. దడి చాటు స్నానం స్త్రీలకు ఎంత ఇబ్బందో, చీకటితో లేచి ముగించుకోవలసిన తొందర ఎంత కఠినమో ఆ ఏర్పాటును మెచ్చుకునేవారు ఎక్కువగా చెప్పరు. బండల సందుల్లో పాచి పట్టేది, వానాకాలంలో అంచుల చుట్టూ బురద కట్టేది, నీళ్లు మోసే భారం ఎప్పుడూ ఇంటి ఆడవారిదో పనివారిదో అయ్యేది. స్నానాల గది ఇంటి లోపలికి రావడం స్త్రీలకు దక్కిన నిజమైన మేలు, నేల విషయంలో ఏం పోగొట్టుకున్నామన్న లెక్క దాన్ని తక్కువ చేయడానికి కాదు.

గాజుపూత పలక తెలుగు నేలకు మొదట స్నానం కోసం రాలేదు, అలంకారం కోసం వచ్చింది. గాజుపూత అంటే కాల్చిన మట్టి పలక మీద ఇసుక, లోహ భస్మాల మిశ్రమాన్ని పూసి మళ్లీ కాల్చినప్పుడు అది కరిగి ఏర్పడే గాజు పొర. గోల్కొండ కుతుబ్‌షాహీల సమాధుల మీద, హైదరాబాదులోని బాద్షాహీ అషుర్‌ఖానా అనే మొహర్రం మందిరపు గోడల మీద ఇరానీ సంప్రదాయపు రంగు పలకలు పొదిగారు. అషుర్‌ఖానా పలకల పని 1611 నాటిది. ఆ కట్టడంలో 1908 మూసీ వరద పలకల గోడల కింది భాగాన్ని దెబ్బతీసిందనీ, పోయిన మేర రంగు పూతతో అనుకరించారనీ తెలిసినప్పుడు నిలిచిన నీటి ముందు పలక బలం పూతలో కాక వెనకనున్న గారలో ఉందని అర్థమవుతుంది. అదే కుతుబ్‌షాహీలు గోల్కొండ సమాధుల తోటలో మృతదేహాలకు చివరి స్నానం చేయించే హమామును కట్టినప్పుడు నీరు పడే అరుగుకు రాతినే ఎన్నుకున్నారు. గోడకు గాజుపూత, కాలి కిందికి రాయి అన్న ఈ విభజన పూర్వపు పనివారికి అలవాటైన వివేకం. ఆధునిక కాలంలో అది కొన్నాళ్లు మరుగున పడింది.

పందొమ్మిదో శతాబ్దపు ఐరోపాలో రెండు మార్పులు పలకను కొద్దిమంది సొత్తు నుంచి అందరి వస్తువుగా మార్చాయి. మొదటిది యంత్రం: 1840లో ఇంగ్లండులో రిచర్డ్ ప్రాసర్ పేటెంటు హక్కు పొందిన పద్ధతిలో తడి మట్టికి బదులు దాదాపు పొడిగా ఉన్న మట్టి పొడిని అచ్చులో అణచి పలక చేస్తారు, దానివల్ల ఆరేటప్పుడు వంగిపోవడం తగ్గి కొలత ఒకేలా వస్తుంది, హెర్బర్ట్ మింటన్ దాన్ని స్టోక్‌లోని తన కర్మాగారంలో పలకలకు వాడాడు, గుజరాత్‌లోని మోర్బీలో ఉన్న ఈనాటి పలకల కర్మాగారాల అచ్చు యంత్రాలు కూడా అదే సూత్రం మీద నడుస్తున్నాయి. రెండోది భయం: రోగాలు సూక్ష్మక్రిముల వల్ల వస్తాయని రుజువయ్యాక ఆసుపత్రులు, పాల కేంద్రాలు, స్నానాల గదులు మురికి దాగడానికి చోటు లేని తెల్లని, నునుపైన తలాన్ని కోరాయి. తెలుపు ఆరోగ్యానికి గుర్తయింది. ఆ గుర్తు రైల్వే, కంటోన్మెంటు, ఆసుపత్రి కట్టడాలతో ఇక్కడికి చేరి, స్వాతంత్ర్యం తరవాత పట్టణ మధ్యతరగతి ఇళ్లలో స్నానాల గది గోడ మీద మూడు నాలుగడుగుల ఎత్తు వరకు తెల్ల పలకలుగా స్థిరపడింది. ఇలా గోడ కింది భాగాన్ని తడి నుంచి కాపాడే పలకల పట్టీని పనివారు డాడో అంటారు.

దేశంలో తయారీ కూడా ఈలోపు మొదలైంది. మంగళూరులో బాసెల్ మిషన్ వారు 1865లో ప్రారంభించిన కర్మాగారం ఇంటి కప్పు పెంకులకు పేరు పొందినా అక్కడి మిషన్ కర్మాగారాలు నేల పలకలు కూడా చేశాయి. స్వదేశీ ఉద్యమ స్ఫూర్తితో 1922లో ఫెరోజ్‌షా సిధ్వా, రుస్తోం సిధ్వా బొంబాయి ప్రాంతంలో స్థాపించిన భారత్ టైల్స్ సంస్థ సిమెంటు పలకలను దేశీయంగా నిలబెట్టింది. సిమెంటు పలకను కాల్చరు. రంగు కలిపిన సిమెంటును అచ్చులో పోసి యంత్రంతో అణచి నీటిలో గట్టిపడనిస్తారు, కాబట్టి రంగు పూతలా పైన ఉండక కొంత మందం లోపలికి ఉంటుంది. సామాన్యులకు వీటికన్నా దగ్గరైనవి ఎర్ర రంగు కలిపి నునుపు చేసిన సిమెంటు గచ్చు, పాలరాతి ముక్కలను సిమెంటులో కలిపి అరగదీసిన మొజాయిక్. ఈ రెండూ వసారాల్లో, గదుల్లో ఎంత అందంగా నిలిచాయో స్నానాల గదిలో అంత మోసం చేశాయి: నునుపైన సిమెంటు మీద సబ్బు, పాచి చేరితే అది పెద్దవారికి ప్రమాదమే. ఆ గదుల్లో నీళ్లు పోసుకునే చోట మళ్లీ ఒక కడప బండ ముక్కను విడిగా వేసుకున్న ఇళ్లు కోకొల్లలు, గచ్చు చేయలేని పనిని రాయికి తిరిగి అప్పగించడమే అది.

ఇంగ్లండు సంస్థ భాగస్వామ్యంతో హెచ్ అండ్ ఆర్ జాన్సన్ 1958లో భారతదేశంలో ఏర్పడడం గాజుపూత పలకల తయారీలో ఒక మలుపు. తరవాతి దశాబ్దాల్లో గుజరాత్‌లోని మోర్బీ దేశంలో తయారయ్యే పలకల్లో అత్యధిక భాగాన్ని అందించే కేంద్రమైంది. ఈ పరిశ్రమకు తెలుగు ప్రాంతాల సంబంధం కొనుగోలుతో ఆగదు. పలకల మట్టికి సాగే గుణాన్నిచ్చే బాల్ క్లే అనే మెత్తని బంకమట్టి ద్వారకాతిరుమల ప్రాంతంలో దొరుకుతుంది. కొలిమి వేడిలో కరిగి మిగతా రేణువులను అతికే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం తెలుగు రాష్ట్రాల నుంచి మోర్బీ దాకా ప్రయాణిస్తుంది. సామర్లకోటలోనూ యానాంలోనూ పలకల కర్మాగారాలు వెలిశాయి. పలకలో ఫెల్డ్‌స్పార్ పాలు పెంచి దాదాపు 1200 డిగ్రీల వేడిలో కాలిస్తే లోపలి సూక్ష్మ రంధ్రాలు మూసుకుపోయి మొత్తం పలకే రాయిలా, కొంత గాజులా మారుతుంది. దాన్నే విట్రిఫైడ్ అంటారు. అంతర్జాతీయ వర్గీకరణలో ఇది తన బరువులో 0.5 శాతానికి మించి నీటిని పీల్చదు, మామూలు గోడ పలక 10 శాతానికి మించి పీలుస్తుంది. గోడకు ఆ పీల్చే గుణం మేలే, సిమెంటు దాన్ని గట్టిగా పట్టుకుంటుంది; అదే పలకను నేలకు వేస్తే బరువుకు పగులుతుంది, తడికి లోనవుతుంది. ధర తక్కువని మిగిలిన గోడ పలకలను చిన్న గది నేలకు సర్దడం పునరుద్ధరణ పనుల్లో తరచుగా జరిగే పొరపాటు.

గత శతాబ్దపు చివరి దశకాల్లో తెలుగు పట్టణాల స్నానాల గదికి ఒక స్థిరమైన వేషం ఏర్పడింది: కింద ముదురు రంగు వరస, నడుమ పువ్వులో పండ్లో జలచరాలో ముద్రించిన హైలైటర్ అనే అలంకార వరస, పైన అదే రంగులో లేత వరస. 2000 తరవాత పలకల మీద కంప్యూటరు ముద్రణ వ్యాపించి ఏ పాలరాతి చారనైనా, ఏ కొయ్య గీతనైనా మట్టి మీద అచ్చొత్తే వీలు కలిగింది. కొలత ఆరంగుళాల నుంచి అడుగుకు, అక్కడి నుంచి వాడుకలో రెండు బై నాలుగు అనే పెద్ద పలకకు పెరిగింది. పెద్ద పలకకు సందులు తక్కువ, కడగడం తేలిక, చిన్న గది విశాలంగా కనిపిస్తుందని దుకాణదారులు చెప్పేదీ కొంతవరకు నిజం. అయితే నేల మీద దాని ఇబ్బంది కొట్టొచ్చినట్లుంటుంది. నాలుగు వైపుల నుంచి నీరు బయటికి పోయే జాలీ వైపుకు వాటం ఇవ్వాలంటే నేల నాలుగు వాలు ముక్కలుగా వంగాలి, చిన్న పలకలు ఆ వంపుకు సర్దుకుంటాయి, పెద్ద పలక సర్దుకోదు. దాన్ని మూలమూలగా కోయాలి, లేకుంటే వాటం తగ్గించాలి. తగ్గించినచోట నీరు నిలుస్తుంది. మొహెంజొదారో పనివాడు చిన్న ఇటుకతో అవలీలగా సాధించిన వాలు ఖరీదైన పెద్ద పలకతో కష్టమైపోవడం ప్రగతిగా లెక్కించదగినది కాదు.

జారుడు విషయంలో జర్మనీలో రూపొందిన రెండు పరీక్షలు లోకమంతటా కొలమానాలయ్యాయి. ఒకదానిలో నూనె పోసిన వాలు పలక మీద బూట్లతో మనిషిని నడిపించి, కాలు జారే కోణాన్ని బట్టి ఆర్9 నుంచి ఆర్13 వరకు తరగతులు ఇస్తారు. రెండోదానిలో సబ్బు నీటి మీద ఉత్త కాళ్లతో నడిపించి ఎ, బి, సి అని గుర్తిస్తారు. కనీసం 12 డిగ్రీలు నిలిస్తే ఎ, 18 అయితే బి, 24 అయితే సి. తెలుగు దుకాణాల్లో ఎక్కువగా వినిపించేది మొదటి లెక్క. ఉత్త కాళ్లతో, సబ్బు నీటిలో, కింద కూర్చుని లేచే అలవాటున్న ఇళ్లకు అసలు సరిపడేది రెండోది, కొనేవారు దాన్ని అడిగి తెలుసుకోవడం అవసరం.

రాయి ఈ కాలంలో కనుమరుగు కాలేదు, వేషం మార్చుకుంది. యంత్రపు రంపాలు వచ్చాక 1980ల నుంచి గ్రానైటు ఇళ్లలోకి విస్తరించింది. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి ప్రపంచమంతటా వెళ్లే గెలాక్సీ నల్లరాయి అందులో మేటి. శాస్త్రం ప్రకారం అది గ్రానైటు కాదు, భూగర్భంలో లోతున చల్లారిన గాబ్రో జాతి శిల, దాని నల్లదనంలో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజపు రేకులు. ఇలాంటి రాయి ఆమ్లాలకు తేలికగా లొంగదు, అయితే అద్దంలా మెరుగు పెట్టిన ముక్క తడి కాలికి శత్రువు. అదే రాయికి మంటతోనో బ్రష్షుతోనో గరుకు తెప్పిస్తే స్నానపు నేలకు చక్కగా పనికివస్తుంది. సున్నపురాళ్ల సంగతి వేరు. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవున ఏర్పడడానికి కారణం కొద్దిపాటి ఆమ్లం కలిసిన వాన నీరు అక్కడి సున్నపురాయిని యుగాల పాటు కరిగించడమే. 1884లో భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఆ గుహలను గుర్తించాడు. గుహలను తొలిచిన ఆ చర్యే స్నానాల గదిలో సీసాలో అమ్మే యాసిడ్‌తో నిమిషాల్లో జరుగుతుంది. బోరు నీళ్ల ఇళ్లలో కుళాయిల చుట్టూ, నేల మీద తెల్లగా పేరుకునే పొర చాలా వరకు కాల్షియం కార్బొనేటు. తాండూరు, బేతంచెర్ల బండల ప్రధాన పదార్థమూ అదే. తెల్ల మరకను కరిగించే యాసిడ్ బండను వేరుగా చూడదు, మరకతో పాటు దాని పాలిష్‌నూ బుసబుసా నురగతో తినేస్తుంది. బండ పాడైపోయిందని నిందించే ఇళ్లలో చాలావాటిలో చెడింది రాయి కాదు, కడిగే పద్ధతి. పెరటి కాలంలో బండను కడగడానికి వాడిన బూడిద, కొబ్బరి పీచు రాయికి హాని చేయలేదన్నది ఇక్కడ గుర్తుంచుకోదగిన సంగతి.

బహుళ అంతస్తుల భవనాలు మరొక మార్పు తెచ్చాయి. పెరట్లో బండ కింది తడి భూమిలోకి ఇంకేది. అపార్టుమెంటులో అది కింది ఇంటి పైకప్పులోకి దిగుతుంది. అందుకే గొట్టాలు పోవడానికి వీలుగా స్నానాల గది స్లాబును ఒక అడుగో అంతకు కొంచెం ఎక్కువో దింపి కట్టి, ఆ గుంతను ఇటుక ముక్కలతో నింపి, దాని మీద నీరు దిగని పూతలు వేసి, ఆ పైన పలకలు పరుస్తున్నారు. పలక కింది ఈ పొరలే గది ఆయుష్షును నిర్ణయిస్తాయి, పలకల సందులు నింపే గ్రౌటు నీటిని పూర్తిగా ఆపలేదు. పునరుద్ధరణలో పాత పలకల మీదనే కొత్తవి అతికించే పద్ధతి వేగంగా పూర్తవుతుంది, ఖర్చూ తగ్గుతుంది. అయితే కింది పూత చెడి ఉంటే అది రోగాన్ని కప్పిపెట్టడమే అవుతుంది, గడప ఎత్తు, జాలీ మట్టం, తలుపు కింది ఖాళీ కూడా తారుమారవుతాయి. సున్నపు గార మీద పరిచిన పాత బండలను గడ్డపారతో ఎత్తి, తిరగేసి, అరగని తలం పైకి వచ్చేలా మళ్లీ పరిచేవారు. సిమెంటుకు అతికిన గాజుపూత పలక మాత్రం ముక్కలై చెత్తలోకి వెళ్తుంది.

రాతి పక్షాన కూడా నష్టపు లెక్క ఉంది. తాండూరు, బేతంచెర్ల పరిసరాల్లో కోత యంత్రాల నుంచి వచ్చే రాతి బురద గుట్టలుగా పేరుకుని గాలికి దుమ్మై లేస్తున్నది. ఆ దుమ్ములో పనిచేసే కూలీల ఊపిరితిత్తులకు రక్షణ చాలాకాలం అందలేదు. మోర్బీ పలకల పోటీతో బండల వ్యాపారం కుంగి, గనుల ఊళ్లలో పని తగ్గడం కూడా ఈ చరిత్రలో భాగమే. ఈ మధ్య కొందరు వాస్తుశిల్పులు, గృహస్థులు మెరుగు పెట్టని తాండూరు బండను అడుగు చదరపు ముక్కలుగా కోయించి చిన్న స్నానాల గది నేలకు వేయిస్తున్నారు. గోడలకు తేలికైన గాజుపూత పలక, నీళ్లు పోసుకునే చోటుకు గరుకు రాయి, గడపకు, సబ్బు గూటికి కడప బండ. ఇలా వేసేటప్పుడు ఒకే గనిలో ఒకే పొర నుంచి వచ్చిన బండలను ఎంచుకుంటే మందం, రంగు కలుస్తాయి. పరచకముందు రాయి అన్ని వైపులా నీటిని నిలువరించే ద్రవం పూస్తే సిమెంటు మరకలు పైకి తేలవు. జాలీ వైపు వాటాన్ని రసమట్టంతో సరిచూసి, పలకలు అతికే ముందే బిందెడు నీళ్లు ఒలకబోసి, చివరి చుక్క దాకా ఎటు పోతున్నదో చూసుకోవడం మంచి మేస్త్రీల పనిలో ఇప్పటికీ మొదటి మెట్టు.